బఠానీకి చెవి ఎక్కడుంటుంది

మాంసం కొట్టు మూసేసి చాలా కాలమైనా ఆయన్ని ఇప్పటికీ అందరూ గుసగుసల మామ అనే పిలుస్తారు. కత్తి పట్టినంత కాలం ఆయనకో అలవాటు ఉండేది. మేకనైనా పొట్టేలునైనా కోసే ముందు వంగి, దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పేవాడు. చెప్పాకే కత్తి. కొట్టు ముందు ఎంతమంది గిన్నెలు పట్టుకుని నిలబడినా, తొందరున్నవాళ్ళు ఎంత గొణిగినా, ఆ మాట మటుకు మానేవాడు కాదు. ఏం చెప్తాడో ఎవరికీ తెలియదు. ధర చెప్తాడని కొందరు, ఇంటి గుట్టు చెప్తాడని కొందరు, ఎవరికి తోచింది వాళ్ళు అనుకునేవాళ్ళు. అడిగితే ఒకటే జవాబు: "అది నాకూ దానికీ మధ్య." కట్టుకున్న భార్య కూడా అడిగి అడిగి, తెలుసుకోకుండానే పోయింది పాపం. కొడుకు చిన్నప్పుడు అడిగేవాడు, పెద్దయ్యాక మానేశాడు.

గుసగుస ఒక ఎత్తు, ఆయన నాలుక ఒక ఎత్తు. ముక్క నోట్లో పడితే చాలు, అది ముందు కాలిదో వెనక కాలిదో, ఆ జీవం ఎండలో తిరిగిందో నీడలో పడుకుందో, ఆఖరికి దాని స్వభావం మంచిదో కాదో కూడా చెప్పేసేవాడు. కాదనగలిగిన సాక్షి అప్పటికే కడుపులో ఉండేది కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. అలా ఆయన నాలుకకి ఊళ్ళో పేరొచ్చింది. పేరొచ్చాక ఇంక ఆయన నాలుకని పట్టుకునేవాళ్ళు లేరు.

అలాంటి మనిషికి గుండె జబ్బొచ్చింది. డాక్టరు పరీక్ష కాగితాలన్నీ చూసి, మాంసం పూర్తిగా మానేయాలన్నాడు. మామ వాదించలేదు. సరే అని ఇంటికొచ్చి, మాంసంతో పాటు తిండే మానేశాడు. కోడలు పాపం కూరలు మార్చి మార్చి వండింది. ఆయన కంచం వేలి చివరతో పక్కకి నెట్టేవాడు. "ఆకులూ కాయలూ నా కొట్లో కోతకొచ్చిన వాటికి పెట్టేవాణ్ణమ్మా. ఎందుకు పెట్టేవాణ్ణో నీకు తెలుసుగా," అనేవాడు. నాలుగు ముద్దలు తినమంటే టీ తాగి గోడవైపు తిరిగి పడుకునేవాడు. చొక్కా వదులైంది, బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి. కోడలికి భయం పట్టుకుంది. తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్న ఆ పిల్లని ఈ ఇంట్లో కూతురిలా చూసింది ఆ ముసలాయనే. కళ్ళముందే ఆయన అలా తరిగిపోతుంటే ఆమెకి అన్నం సయించేది కాదు.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. పక్కనే బర్గర్ల హోటలు. అక్కడ పెనం దగ్గర నిలబడి బర్గర్లో పెట్టే మాంసం ముద్దలు కాల్చే మనిషిని అందరూ పెనం మాస్టారంటారు. నడివయసు, పెద్ద పొట్ట, సీసా అడుగులంత మందం అద్దాలు. పొద్దుట్నించీ నూనె ఆవిరి పట్టి ఆ అద్దాలు జిడ్డోడుతుంటే, మధ్యాహ్నం ఆయన వచ్చి కోడలి చేత తుడిపించుకుని పోయేవాడు. ఒకరోజు అలా తుడిపించుకుంటూ, తమ హోటల్లో కొత్త సరుకొచ్చిందని చెప్పాడు. మొక్కల మాంసమట. చూడ్డానికి మాంసం, కాలిస్తే మాంసం వాసన, కొరికితే ఎర్రగా రసం కూడా కారుతుందట. "జన్మలో మాంసం నోట పెట్టనివాణ్ణి, నేను తిని ఒళ్ళంతా కడుక్కున్నానండీ. తర్వాత చెప్పారు అది బీట్‌రూట్ రసమని," అన్నాడు.

కోడలు తుడవడం ఆపేసింది. ఆ సాయంత్రమే వేడివేడి బర్గరొకటి పొట్లం కట్టించుకుని ఇంటికెళ్ళి, డాక్టరుగారు ఒక్కటి తినొచ్చన్నారని మామగారి ముందు పెట్టింది. డాక్టరుకి ముందే ఫోను చేసింది లెండి. ముందు ఏదో ఒకటి తిననివ్వండి తల్లీ అని ఆయన ప్రాధేయపడ్డాడు.

మామ రొట్టె పైమూత తీసి వాసన చూశాడు. కొరికాడు. నమిలాడు.

"ముందు కాలు," అన్నాడు మామ.

"అవునా మామయ్యా?"

"కొండ మీద తిరిగిన జీవం. కాస్త మొండిది, కానీ మనసు మంచిది."

కోడలు వంటింట్లోకి పరిగెత్తి నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. ఎందుకంటే బయట మామ రెండో ముక్క కొరుకుతున్న చప్పుడు వినబడింది.

అప్పట్నించి రోజూ ఒక బర్గరు. మామ ఒంటికి కండ పట్టింది. బెల్టు పాత చిల్లులోకి వచ్చింది. రోజూ ఆయన నమిలి ఒక జీవిత చరిత్ర చెప్పేవాడు. ఒకరోజు కవల పిల్లల్లో రెండోది, ఇంకోరోజు వానలో తడిసి జలుబు చేసింది, మరోరోజు యజమాని చచ్చిపోతే బెంగ పెట్టుకుంది. ఇంతకీ అవన్నీ ఒకే యంత్రంలోంచి ఊడిపడ్డ బఠానీ పిండి. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, అతని తీరూ లిఫ్టుదే. పొద్దున "నాన్నకి చెప్పేద్దాం, పాపం" అంటాడు, సాయంత్రం "వద్దులే, చెప్తే చస్తాడు" అంటాడు. చెప్తే ఆ కంచం మళ్ళీ పక్కకి జరుగుతుందని ఇద్దరికీ తెలుసు. కోడలికి నిద్రలో కూడా అదే భయం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు మామ మూతి తుడుచుకుని, "ఈ కోత కోసినవాడెవడో వాణ్ణి నాకు చూపించు," అన్నాడు. "ముద్దలో ఒక్క పీచు అడ్డం రాలేదు. ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవడికుంది? వాణ్ణి చూడకపోతే నేను చావను కూడా చావను."

కోడలు ఇవాళా రేపూ అని నెట్టుకొచ్చింది. మామ పట్టు వదల్లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వెళ్ళి పెనం మాస్టారి కాళ్ళావేళ్ళా పడింది. ఒక్కపూట హోటలు కసాయిగా రావాలి, కాసేపు కూర్చుని వెళ్ళిపోవాలి. మాస్టారు కళ్ళు తేలేశాడు. టమాటా కోస్తే వేలు తెగిందేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకునే మనిషి. పొద్దుట్నించీ మాంసం కాలుస్తూ కూడా దాన్ని నేరుగా చూడడు, చప్పుడు విని తిరగేస్తాడు. కానీ ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ పైసా తీసుకోకుండా తన అద్దాలు తుడిచింది. కాదనలేకపోయాడు.

"కష్టమైన ప్రశ్న వేస్తే ఏం చెప్పనమ్మా?" అన్నాడు.

"అది నాకూ దానికీ మధ్య అనండి. ఆయనెప్పుడూ అదే అంటారు, ఇంక మాట్లాడరు."

సెలవు రోజు మాస్టారు ఎర్ర చొక్కా వేసుకుని వచ్చాడు. కసాయి ఎర్ర చొక్కా వేసుకుంటాడని ఆయనకెవరు చెప్పారో. మామ ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. కోడలు గుమ్మానికి అతుక్కుపోయి నిలబడింది.

"ఏం కత్తి వాడతావు?"

"పొడుగ్గా ఉంటుందండీ."

"ఎటు నుంచి మొదలుపెడతావు?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "దాని... దాని ఇష్టమండీ. అడిగి మొదలుపెడతాను."

మామ ముందుకి వంగాడు. "అడుగుతావా? దాన్నే?"

"అంటే, చెవి దగ్గర... మెల్లిగా..." మాస్టారు కోడలివైపు చూశాడు. కోడలు కళ్ళు మూసుకుంది.

"ఏం చెప్తావు?" మామ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఇది కష్టమైన ప్రశ్నే. మాస్టారు నేర్పిన పాఠం అప్పజెప్పాడు. "అది నాకూ దానికీ మధ్య అండీ."

మామ లేచాడు. కళ్ళల్లో నీళ్ళు. ఆ భారీ మనిషిని రెండు చేతులా వాటేసుకుని గట్టిగా నొక్కాడు. మాస్టారి కళ్ళజోడు ఎగిరి కింద పడింది. అంత ఆనందంలో కాళ్ళకింద ఏముందో ఎవరు చూస్తారు? మామ అడుగు సరిగ్గా దానిమీదే పడింది.

కోడలు ముక్కలేరుకుని కొత్త అద్దాలు వేయించి ఇస్తానని తీసుకెళ్ళింది. అంత మందం అద్దాలు తయారవ్వడానికి సమయం పడుతుంది. ఈలోపు కళ్ళజోడు లేకుండానే మాస్టారు పనిలోకి దిగాడు. ఎలాగూ చెవులతోనే వంట చేస్తానన్న ధైర్యం. ఆ హోటల్లో మొక్కల ముద్దలు ఆకుపచ్చ కాగితంలో, మాంసం ముద్దలు ఎర్ర కాగితంలో వస్తాయి. కళ్ళజోడు లేని మాస్టారికి రెండూ ఒకే మబ్బు.

మర్నాడు కోడలు దుకాణంలో అదే కళ్ళజోడుకి మర బిగిస్తూ కిటికీలోంచి చూసి చేతిలో మర వదిలేసింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, మామగారు హోటల్లోకి వెళ్తున్నారు. చంకలో గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు. అదేమిటో ఆమెకి తెలుసు. కన్నకొడుకు అడిగినా ఇవ్వని కత్తి. లిఫ్టులు బాగుచేసేవాడికి కత్తెందుకురా అని దాచుకున్న కత్తి. తన తర్వాత దాన్ని పట్టుకునేవాడు ఇన్నాళ్ళకి దొరికాడని తీసుకొచ్చాడు.

ఆమె పరుగెత్తుకెళ్ళేసరికే మామ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కత్తి మూట ముందు పెట్టుకున్నాడు. మాస్టారు ఆయన గొంతు గుర్తుపట్టి, మర్యాదగా తనే కాల్చి, తనే తెచ్చి వడ్డించాడు. మామ కొరికాడు. నమిలాడు. నమలడం ఆపేశాడు. కాగితంలోకి ఉమ్మేశాడు.

"ఇది మాంసం కాదు," అన్నాడు.

హోటల్లో తింటున్నవాళ్ళంతా నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉంచి చూశారు.

"నిన్న మొన్నటిదాకా బంగారంలాంటి సరుకు పంపావు. ఇవాళ మనుషుల ముందు పరువు తీశావేంటి? ఇదేం ఆకో, ఏం అలమో! దీనికి ప్రాణం లేదు, చరిత్ర లేదు!" మామ లేచి నిలబడ్డాడు. చెయ్యి కత్తి మూట మీద పడింది. పక్క బల్ల మీద వాళ్ళు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. మెడకి టై, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సార్, మాది అసలు సిసలు మాంసం సార్. కావాలంటే చూడండి," అని వంటింట్లోంచి ఎర్ర కాగితం తెచ్చి మామ ముక్కు ముందు పెట్టాడు. నూటికి నూరు పాళ్ళూ పొట్టేలు అని రాసి ఉంది. పైన పొట్టేలు బొమ్మ కూడా ఉంది.

"అబద్ధం," అన్నాడు మామ. "నాకు రోజూ పంపేదేదో అది తీసుకురా."

"మామయ్యా, ఇంటికెళ్దాం పదండి," అంది కోడలు చెయ్యి పట్టుకుని. "మీకు ఒంట్లో బాగోలేదు."

"నా ఒళ్ళు బాగానే ఉంది. వీళ్ళ సరుకే బాగోలేదు. తీసుకురమ్మను."

"ఈ అమ్మగారు రోజూ తీసుకెళ్ళేదా సార్? అది వేరే అండీ," అన్నాడు మేనేజరు. ఆ మనిషికి నోట్లో మాట దాగదు. ఆకుపచ్చ కాగితం తెచ్చి, సాక్ష్యం చెప్పేవాడిలా గట్టిగా చదివాడు. బఠానీ పిండి. కొబ్బరి నూనె. బీట్‌రూట్ రసం. ఉప్పు.

"మళ్ళీ చదువు," అన్నాడు మామ.

చదివాడు.

"కొండ మీద తిరిగింది?" అన్నాడు మామ ఎవరినో అడిగినట్టు.

మాస్టారు ఎటు చూడాలో తెలియక గోడకి దండం పెడుతూ, "నేను కసాయిని కాదండీ. కోడిగుడ్డు పగలగొట్టాలన్నా పక్కవాణ్ణి పిలుస్తానండీ," అని ఏడ్చేశాడు.

మామ చుట్టూ చూశాడు. తను ఉమ్మేసిన అసలు మాంసం వంక చూశాడు. "అయితే ఇన్నేళ్ళూ నేను కోసినవన్నీ..." అని మొదలుపెట్టి ఆపేశాడు. కత్తి మూట మళ్ళీ చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. కోడలు వెనకే నడిచింది.

ఇంట్లో భయపడినంతా జరిగింది. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు, కంచం పెడితే చూడడు. కొడుకు వచ్చి మంచం పక్కన కూర్చుని, "పోనీ నిజం మాంసమే తేనా నాన్నా, డాక్టరు సంగతి తర్వాత," అన్నాడు. "నాకు తెలియడం లేదుగా, ఏది తెస్తే ఏమిట్రా," అన్నాడు మామ గోడతో. అంతే, మళ్ళీ నోరు విప్పలేదు. కోడలు ఆ మాట విని వంటింట్లో నేల మీద కూలబడింది. ఆయన ప్రాణం నిలబెట్టబోయి ఆయన నాలుకని చంపేశానని ఆమెకి అర్థమైంది. రెంటిలో ఆయనకి ఏది ముఖ్యమో ఒక్కసారైనా అడిగిందా? ఆయన మేకకి కూడా చెప్పందే కోసేవాడు కాదు.

తెల్లారాక బజారుకెళ్ళి పచ్చి బఠానీ కాయలు బుట్టెడు తెచ్చింది. నేరుగా తీసుకెళ్ళి మామగారి మంచం పక్కన పెట్టింది. ఆపకుండా చెప్పేసింది.

"మామయ్యా, మీరు తిన్నది ఇదే. పొట్లంలో దాచి పెట్టాను. మీరు తింటుంటే నాకు బాగుండి చెప్పలేకపోయాను. ఇంక అబద్ధం చెప్పను. తినండి, మానండి, తిట్టండి. కానీ ఇదే."

తర్వాత మామ మెల్లగా లేచి కూర్చున్నాడు. బుట్టలోంచి ఒక కాయ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. బరువు చూశాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని లోపల వరసగా ఉన్న గింజల్ని చూశాడు.

"కొండ మీద తిరిగింది," అన్నాడు ఎగతాళిగా, తననే.



మామ చెయ్యి చాపి గుడ్డ మూట విప్పాడు. ఇంత పొడుగు కత్తి బయటికి వచ్చింది. బఠానీలు ఒలవడానికి బొటనవేలు చాలని కోడలికి తెలుసు, కానీ నోరెత్తలేదు. ఆయన పీట మీద కాయని పడుకోబెట్టాడు. కత్తి పట్టుకున్నాడు. వంగాడు. వంగి, ఆగిపోయాడు. కాయని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"అమ్మాయ్, దీనికి చెవి ఎక్కడుంటుంది?"

కోడలు పీట దగ్గరికి జరిగి కూర్చుంది. కాయని శ్రద్ధగా పరీక్షించింది. దుకాణంలో కళ్ళు పరీక్షించేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూపించి ఉండదు.

"తొడిమ దగ్గర మామయ్యా. ఇదిగో, ఈ పక్కన."

"ఊఁ," అని మామ తొడిమ దగ్గర నోరు పెట్టి గుసగుసలాడాడు. తర్వాత కాయని నిలువునా కోశాడు. గింజలు గిన్నెలో రాలాయి. ఇంకో కాయ తీశాడు. దానికీ చెప్పాడు.

ఊరంతా అడిగి విసిగిపోయిన ప్రశ్న కోడలి నోట్లోంచి తనంతట తనే జారింది. "ఏం చెప్తారు మామయ్యా?"

అడిగాక నాలుక కరుచుకుంది. నాకూ దానికీ మధ్య అంటాడనుకుంది. మామ ఆమెవైపు చూశాడు. ఇన్నాళ్ళు కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పిన పిల్ల, ఇవాళ కళ్ళలోకి చూసి నిజం చెప్పిన పిల్ల.

"చెవి ఇటు ఇయ్యి," అన్నాడు.

ఆమె ఇచ్చింది. ఇస్తూ ఒకసారి కత్తివైపు చూసిన మాట నిజమే. మామ ఆమె చెవి దగ్గరికి వంగి, జీవితమంతా నోరులేని వాటికే చెప్పిన మాట చెప్పాడు.

"నీ తప్పేం లేదమ్మా. మావాళ్ళకి ఆకలేస్తోంది, అంతే."

కోడలు చాలాసేపు తల ఎత్తలేదు. మామ ఆమె తల మీద చెయ్యి వేసి, ఇంకో కాయ తీసుకున్నాడు. బుట్టలో కాయలన్నిటికీ పేరుపేరునా చెప్పి కోసేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు వంట ఆలస్యమైంది. వండినదేదో కంచంలో పెట్టాక ఆయన నోట్లో వేసుకుని నమిలాడు, మింగాడు, ఏ కథా చెప్పలేదు. కంచం కోడలివైపు జరిపి, ఇంకాస్త వెయ్యమన్నాడు.